హాజరు పట్టీలోకి చొరబడిన చేయి

హైదరాబాద్ శివారులో, ఇబ్రహీంపట్నం వైపు ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో నేను సిస్టమ్స్ అడ్మినిస్ట్రేటర్‌గా పనిచేస్తున్నాను. 2024 నవంబరులో మా హాజరు సాఫ్ట్‌వేర్‌లోకి ఎవరో ఒక అధ్యాపకురాలి పేరుతో లాగిన్ అయి, కొందరు విద్యార్థుల హాజరును గుట్టుగా పెంచుతున్నారన్న సంగతి బయటపడింది. ఆ వ్యక్తి ఎవరో తేల్చడానికి పట్టిన కాలం కంటే, తేలిన తర్వాత నడిచిన వ్యవహారానికి పట్టిన కాలమే చాలా ఎక్కువ. ఇది రాస్తున్న నాటికి కూడా అది ముగియలేదు. విషయం కోర్టులో ఉంది కాబట్టి ఇందులో ఎవరి పేర్లూ రాయడం లేదు. ఇలాంటిది ఎదురైనప్పుడు ఏ దశలో ఏం జరుగుతుందో, ఏ కాగితం ఎందుకు అవసరమవుతుందో తెలిస్తే మరొకరికి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

ముందుగా ఈ హాజరు గొడవ ఏమిటో చెప్పాలి. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల ప్రకారం సెమిస్టర్ పరీక్షలు రాయాలంటే విద్యార్థికి మొత్తం మీద 75 శాతం హాజరు ఉండాలి. 65కు తగ్గకుండా 75 లోపు ఉన్నవారికి తగిన కారణం చూపిస్తే, ఫీజు కట్టించుకుని కండోనేషన్, అంటే మినహాయింపు ఇస్తారు. 65 కంటే తగ్గితే ఆ విద్యార్థి డిటెయిన్ అయినట్టే. ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. కాబట్టి 64కూ 65కూ మధ్య ఉన్న ఒక్క శాతం ఒక కుటుంబానికి ఒక ఏడాది, ఆ ఏడాది ఖర్చు. సెమిస్టర్ చివరి వారాల్లో మా ఎగ్జామ్ బ్రాంచ్ ముందు తల్లిదండ్రులు కట్టే వరుస చూసినవారికి ఆ ఒక్క శాతం విలువ వేరే చెప్పనక్కరలేదు.

తేడాను మొదట పట్టుకున్నది నేను కాదు, ఎగ్జామ్ బ్రాంచ్‌లో కండోనేషన్ జాబితా తయారుచేసే మేడమ్. ఆమెకు కంప్యూటర్ మీద కన్నా కాగితం మీద నమ్మకం ఎక్కువ. ప్రతి నెలా విభాగాధిపతి సంతకంతో నోటీసు బోర్డులో పెట్టే హాజరు పట్టీల నకళ్లను ఆమె ఫైలులో కుట్టి దాచుకుంటారు. ఒక విద్యార్థికి చివరి పట్టీలో 420 తరగతులకు 268 హాజరు, అంటే 63.81 శాతం ఉంది. అదే విద్యార్థికి వారం తర్వాత సాఫ్ట్‌వేర్ తీసిన ప్రింటులో అవే 420 తరగతులకు 278, అంటే 66.19 శాతం కనిపించింది. మధ్యలో కొత్త తరగతులేవీ జరగలేదు, గైర్హాజరు మాత్రం పది తగ్గింది. అధ్యాపకులెవరైనా పొరపాటు సవరించి ఉంటారని మొదట అనుకున్నా, అదే తరహా సవరణ మరో ఇద్దరి పేర్ల దగ్గర కూడా కనిపించేసరికి ఆమె ఆ రెండు కాగితాలనూ నా బల్ల మీద పెట్టి, "ఇవి ఎవరు మార్చారో మీ మెషిన్ చెబుతుందా సార్?" అని అడిగారు.

చెబుతుంది. మా సాఫ్ట్‌వేర్ ఒక స్థానిక సంస్థ రాసిచ్చినది. అందులో ఎవరు ఏం మార్చారో చూపే పట్టిక ఒకటి ఉంది గానీ, అది చివరి మార్పును మాత్రమే చూపుతుంది. దాని కింద ఉన్న మైఎస్‌క్యూఎల్ డేటాబేసు మాత్రం ప్రతి మార్పునూ బైనరీ లాగ్ అనే ఫైళ్లలో వరుసగా రాసుకుంటూ పోతుంది. పాత విలువ, కొత్త విలువ, మార్పు జరిగిన సమయం మూడూ అందులో ఉంటాయి. మామూలు అమరికలో ఈ ఫైళ్లు 30 రోజులు నిలిచి, ఆ తర్వాత వాటంతటవే చెరిగిపోతాయి. అందుకని నేను మొట్టమొదట చేసిన పని ఆ ఫైళ్లను మరో డిస్కులోకి నకలు తీసి, చెరిపివేతను ఆపడం. తర్వాత వాటిని విప్పి చదివితే, మూడు సెక్షన్లకు చెందిన 31 మంది హాజరు మారినట్టు తేలింది. మార్చినవాడికి తెలివి ఉంది. ఎవరినీ 75 దాటించలేదు. అందరినీ 65కు కొంచెం పైకి, కండోనేషన్ ఫీజు కట్టే గుంపులోకి చేర్చి వదిలేశాడు. 90 శాతం వస్తే ఎవరైనా కనుబొమ్మ ముడివేస్తారు, 66 వస్తే ఎవరూ పట్టించుకోరు.

అన్ని మార్పులూ ఒకే ఐడీతో జరిగాయి. అది ఆ విభాగంలో హాజరు ఇన్‌ఛార్జ్‌గా ఉన్న మ్యాథ్స్ మేడమ్‌ది. అన్ని సబ్జెక్టుల హాజరునూ సవరించే అధికారం ఆ ఐడీకి ఉంది. సమయాలు చూస్తే రాత్రి ఒంటి గంటకూ రెండున్నరకూ మధ్య. సాయంత్రం అయిదు తర్వాత ఆమె సాఫ్ట్‌వేర్ తెరవగా మేమెవరమూ ఎన్నడూ చూడలేదు. అయినా యాజమాన్యం తీరు మరోలా ఉంది. ఐడీ ఎవరిదైతే బాధ్యత వారిదేనని, పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పి ఉంటారని, డబ్బు తీసుకుని ఉండకూడదనేమీ లేదని ఒక సమావేశంలో ఆమె ముందే అన్నారు. మర్నాడు ఆమెకు షోకాజ్ మెమో వెళ్లింది. ఇరవై ఏళ్లకు పైగా పాఠం చెప్పిన మనిషి, ఆ కాగితం చేతిలో పట్టుకుని సర్వర్ గదికి వచ్చి నన్ను అడిగింది ఒక్కటే: తాను నిద్రపోతున్నట్టు ఎలా నిరూపించుకోవాలని. ఈ వ్యవహారంలో నాకు మిగతావన్నీ వృత్తిపరమైన పనులు, ఈ ప్రశ్న మాత్రం అలా కాలేదు.

వెబ్ సర్వర్ లాగ్‌లో ఆ లాగిన్‌లు వచ్చిన ఐపీ చిరునామాలు, అంటే ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే సంఖ్యలు ఉన్నాయి. ఐపీ దొరికితే మనిషి దొరికినట్టేనని బయటివారు అనుకుంటారు. అవన్నీ ఒక మొబైల్ కంపెనీవి, ఏ రాత్రికి ఆ రాత్రి వేరు. మొబైల్ ఇంటర్నెట్‌లో ఒకే బహిరంగ ఐపీని ఒకే సమయంలో వందల మంది పంచుకుంటారు. అపార్టుమెంటు చిరునామా తెలిసి ఫ్లాటు నంబరు తెలియకపోతే ఎలాగో ఇదీ అంతే. ఇక్కడ ఫ్లాటు నంబరు పాత్ర సోర్స్ పోర్ట్ అనే సంఖ్యది. మా వెబ్ సర్వర్ నడిచే అపాచీ సాఫ్ట్‌వేర్ మామూలు అమరికలో ఐపీని రాసుకుంటుంది గానీ పోర్టును రాసుకోదు. బ్రౌజర్ వివరాలైనా పనికొస్తాయేమో చూస్తే, అన్నిటిలోనూ "ఆండ్రాయిడ్ 10, కె" అని ఉంది. క్రోమ్ ఇప్పుడు ఏ కంపెనీ ఫోనుకైనా, అందులో ఏ వెర్షన్ ఉన్నా, ఇదే ముక్క పంపుతుంది. వినియోగదారుల గోప్యతకు అది మంచిదే కావచ్చు, నాకు మాత్రం ఆ రోజు మోడల్ పేరు కూడా దక్కలేదు. లాగ్ ఫార్మాటులో చిన్న మార్పు చేసి పోర్టు నంబరు కూడా నమోదయ్యేలా పెట్టాను. దానివల్ల జరిగిపోయిన లాగిన్‌లకు ప్రయోజనం లేకున్నా, రాబోయేవాటికి ఉంటుంది.

ఫిర్యాదు విషయంలో రెండు మాటలు. 1930 హెల్ప్‌లైన్ నంబరు ప్రధానంగా డబ్బు పోయిన ఆన్‌లైన్ మోసాల కోసం. ఖాతాలోంచి పోయిన సొమ్మును దారిలోనే ఆపడం దాని ఉద్దేశం. మాలాంటి చొరబాటుకు జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో గానీ, నేరుగా సైబర్ క్రైమ్ స్టేషన్‌లో గానీ ఫిర్యాదు ఇవ్వాలి. సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటనలను గుర్తించిన 6 గంటల్లోపు ఆ సంస్థకు తెలపాలి, సర్వర్ లాగ్‌లను 180 రోజులు దాచాలి. అది కళాశాలకు వర్తిస్తుందా లేదా అని మా కార్యాలయంలో చర్చ మొదలైతే, చర్చ ముగిసేలోపు గడువు ముగుస్తుందని నేను మెయిల్ పంపేశాను.

ఐటీ చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఈ నేరాలను ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. మా ఫిర్యాదు తీసుకున్న ఇన్‌స్పెక్టర్ నింపాదైన మనిషి. అయితే ఆయన బల్ల దగ్గరికి చేరకముందు రాసుకునే సిబ్బంది అడిగిన మొదటి ప్రశ్న, "నష్టం ఎంత సార్?" అన్నది. రూపాయల్లో ఏమీ లేదన్నాను. ఆ గడిలో సున్నా వేస్తే ఫిర్యాదు బరువు తగ్గుతుందన్నట్టు ఆయన నా వంక చూశారు. ఆయన్ని తప్పుపట్టను. ఆ ఉదయం ఆయన ముందు కూర్చున్నవారిలో పెట్టుబడి పేరుతో లక్షలు పోగొట్టుకున్న విశ్రాంత ఉద్యోగులు ఉన్నారు. 1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్ల తేడా పట్టుకుని వెంటపడితే, అక్కడి అధికారులు కూడా నష్టం ఇంతేనా అని మొదట్లో పట్టించుకోలేదు. చివరికి ఆ తీగ పశ్చిమ జర్మనీలోని హానోవర్ నుంచి చొరబడి సమాచారాన్ని సోవియట్ గూఢచారులకు అమ్ముతున్న మార్కస్ హెస్ దాకా వెళ్లింది. స్టోల్ అతన్ని లైను మీద ఎక్కువసేపు నిలపడానికి రక్షణ ప్రాజెక్టుకు సంబంధించినవన్నట్టు ఉత్తుత్తి పత్రాలు తయారుచేసి పెట్టాడు. మాది అంత గొప్ప కథ కాదు గానీ, ఎర వేయడమన్న ఆలోచన నాకు అక్కడినుంచే వచ్చింది.

అంతకుముందు పాస్‌వర్డ్ ఎలా బయటికి పోయిందో తేలాలి. మ్యాథ్స్ మేడమ్ తన ఫోనులోగానీ, ఇంట్లోగానీ సాఫ్ట్‌వేర్ తెరవరు. స్టాఫ్ రూమ్‌లో కిటికీ పక్కనున్న కంప్యూటర్ ఒక్కటే వాడతారు. దాన్ని పరీక్షించడానికి సెలవు రోజున వెళ్లాను. వైరస్ స్కానులో ఏమీ దొరకలేదు. సీపీయూ వెనక దుమ్ము పట్టిన తీగల మధ్య టార్చి వేసి చూస్తే, కీబోర్డు వైరు నేరుగా సీపీయూలోకి వెళ్లడం లేదు. మధ్యలో బొటనవేలి మొదటి కణుపంత నల్లటి ముక్క ఒకటి ఉంది. చుట్టూ అన్నిటి మీదా దుమ్ము ఉంది, దాని మీద లేదు. అది హార్డ్‌వేర్ కీలాగర్. కీబోర్డు మీద కొట్టిన ప్రతి అక్షరమూ అందులోని మెమరీలో చేరుతుంది. ఏ యాంటీవైరసూ దాన్ని చూడలేదు, ఎందుకంటే కంప్యూటర్ దృష్టిలో అక్కడ కీబోర్డు తప్ప మరేమీ లేదు. ఆన్‌లైన్‌లో కొన్ని వేల రూపాయలకు దొరుకుతుంది.

చేయి పెట్టి లాగేయాలనిపించడం సహజం. ముట్టుకోకుండా ఫోటో తీసి, ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేశాను. ఆ రకం ముక్కలో వైఫై ఉండదు. కాబట్టి పెట్టినవాడు పాస్‌వర్డుల కోసం మళ్లీ దాని దగ్గరికి నడిచి రావలసిందే. తీసేస్తే మాకు ఒక ముక్క దొరుకుతుంది, ఉంచితే మనిషి దొరుకుతాడు. ప్రిన్సిపాల్‌కు ఇది ఇష్టం లేదు. పరీక్షల సమయంలో దొంగను ఇంట్లో పెట్టుకుని తలుపు తీసి ఉంచడమేమిటని ఆయన వాదన, అందులో న్యాయం లేకపోలేదు. చివరికి ఇన్‌స్పెక్టర్ స్వయంగా వచ్చి మాట్లాడిన తర్వాత, కొన్ని షరతులతో ఒప్పుకున్నారు.

అధ్యాపకులందరి పాస్‌వర్డులూ ఒకేసారి మార్పించాం, ఇది ఏటా చేసేదేనని సర్క్యులర్ పంపాం. దాంతో చొరబాటుదారు దగ్గరున్నది చెల్లకుండా పోయింది. మేడమ్ అసలు ఐడీకి సవరణ అధికారం తీసేశాం. అన్ని విభాగాల హాజరునూ సవరించగలిగేలా కనిపించే మరో కొత్త ఐడీ సృష్టించాం. ఆ ఐడీతో ఎవరు లాగిన్ అయినా వారికి కనిపించేది అసలు డేటాబేసు కాదు, దాని నకలు. అందులో ఏం మార్చినా ఎవరి హాజరూ మారదు. దాని పాస్‌వర్డును నేను ఒక చీటీ మీద రాసి మేడమ్‌కు ఇచ్చాను. ఆమె దాన్ని ఆ ఒక్క కీబోర్డు మీద, పోలీసుల సమక్షంలో కొట్టారు. ఆ తర్వాత చీటీని కవరులో పెట్టి సీలు వేసి సంతకాలు చేశారు. అంటే ఆ పాస్‌వర్డు ప్రపంచంలో రెండే చోట్ల ఉంది: కవరులో, ఆ నల్లటి ముక్కలో. ఇక దానితో బయటినుంచి లాగిన్ జరిగితే, అది ఆ ముక్కను తెరిచి చదివినవాడి పనేనని వేరే వాదన అక్కరలేదు. మెమో అందుకున్న మనిషి చేతనే ఆ అక్షరాలు కొట్టించాలన్నది నా పట్టుదల. ఆమె అందుకు వెంటనే ఒప్పుకున్నారు.

మరుసటి వారంలోనే, రాత్రి 1:20కి, ఆ ఐడీతో లాగిన్ పడింది. ఈసారి లాగ్‌లో ఐపీ, పోర్టు, సెకను అన్నీ ఉన్నాయి. పోలీసులు మొబైల్ కంపెనీకి నోటీసు ఇచ్చారు. ఏ నంబరు ఏ సమయంలో ఏ ఐపీ, ఏ పోర్టు వాడిందన్న రికార్డులను కంపెనీలు కనీసం రెండేళ్లు ఉంచాలన్న నిబంధన 2021 డిసెంబరులో లైసెన్సుల్లో చేరింది, కాబట్టి సమాధానం ఉంటుందని తెలుసు. ఇక్కడ చాలామంది తడబడేది టైమ్ జోన్ దగ్గర. మా డేటాబేసు సమయాన్ని యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక కాలంలో రాస్తుంది, వెబ్ సర్వర్ భారత కాలమానంలో. అయిదున్నర గంటల ఆ తేడాను నోటీసులో స్పష్టంగా రాయకపోతే కంపెనీ మరెవరి పేరో పంపుతుంది. ఆ సమయానికి అదే పోర్టు వాడిన నిరపరాధి ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారు. వచ్చిన సమాధానంలో నల్లగొండ జిల్లాకు చెందిన ఒక గృహిణి పేరు ఉంది. ఆ ఇంటిపేరుతో మా కళాశాలలో ఉన్నవారిలో, తల్లి పేరు కూడా సరిపోయినవాడు ఒక్కడే: నాలుగో సంవత్సరం విద్యార్థి.

దీన్ని మాత్రమే పట్టుకుని వెళ్తే సిమ్ ఎవరో వాడారని అనవచ్చు. అందుకని వరండా సీసీ కెమెరా చూశాం. రికార్డింగులు దాచే డీవీఆర్ పెట్టెలోని గడియారం అసలు సమయం కంటే 11 నిమిషాలు ముందుంది. ఆ తేడాను సరిదిద్దకుండా, డీవీఆర్ తెర పక్కన ఫోనులో భారత ప్రామాణిక కాలం చూపిస్తూ ఒకే ఫ్రేములో ఫోటో తీయించి, పంచనామాలో రాయించారు. సరిదిద్దితే పాత రికార్డింగుల మీద అనుమానం వస్తుందని ఇన్‌స్పెక్టర్ చెప్పారు. లాగిన్ జరిగిన రాత్రికి ముందు సాయంత్రం ఆ విద్యార్థి ల్యాబ్ రికార్డుల కట్ట మోసుకుంటూ స్టాఫ్ రూమ్‌లోకి వెళ్లి, ఖాళీ చేతులతో బయటికి వచ్చాడు. మర్నాడు పొద్దున్నే అటెండరు గది తాళం తీసి ఊడుస్తున్నప్పుడు మళ్లీ వెళ్లాడు. ముక్కను రాత్రికి తీసుకెళ్లి, చదువుకుని, తెల్లారి తిరిగి పెట్టేవాడన్నమాట. రికార్డులు పెట్టడానికి వచ్చే విద్యార్థిని ఎవరూ ఎందుకొచ్చావని అడగరు.

అతన్ని నేను ఎరుగుదును. కళాశాల ఉత్సవాలకు వెబ్‌సైటు చేసిపెట్టిన పిల్లల్లో అతనూ ఒకడు. నెట్‌వర్కు గురించి మంచి ప్రశ్నలు అడిగేవాడు. పిలిపించినప్పుడు అతను బుకాయించలేదు. మొదట తన స్నేహితుడి కోసం చేశానని, తర్వాత నోటి మాటగా పాకి మిగతావారు వచ్చారని, ఒక్కొక్కరి దగ్గర మూడు వేలు తీసుకున్నానని చెప్పాడు. డబ్బంతా యూపీఐలో వచ్చింది. అంత జాగ్రత్తగా 66 దగ్గర ఆగినవాడు, పుచ్చుకున్న ప్రతి మూడు వేలకూ పేరు, తేదీ, సమయంతో రసీదు మిగిల్చాడు.

అరెస్టు జరగలేదు, అది చాలామందికి ఆశ్చర్యం కలిగించింది. అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి చొరబడి మార్పులు చేయడం ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కిందికి వస్తుంది. మూడేళ్ల వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా. మరొకరి పాస్‌వర్డును మోసపూరితంగా వాడడం 66సి. మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. రెండూ బెయిలు దొరికేవే. పోలీసులు భారతీయ నాగరిక సురక్షా సంహిత కింద నోటీసు ఇచ్చి విచారణకు రమ్మన్నారు. ఫోను, ల్యాప్‌టాప్ స్వాధీనం చేసుకున్నారు. 2024 జులై 1 నుంచి అమలైన ఆ చట్టం ప్రకారం సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలి. కీలాగర్‌ను ఊడదీసి, చిన్న కవరులో పెట్టి లక్క వేయడం వరకూ అంతా రికార్డయింది.

నాకు బాగా గుర్తున్నది ఆ సాయంత్రం హ్యాష్ విలువను, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి గుర్తును, రాసిన తీరు. లాగ్ ఫైళ్లకు షా-256 పద్ధతిలో తీసిన హ్యాష్‌లో 64 అక్షరాలు ఉంటాయి. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ 64 అక్షరాల వరుస వేరుగా వస్తుంది. తర్వాత ఎవరూ దాన్ని ముట్టుకోలేదని చెప్పడానికి అదే ఆధారం. ప్రింటరు పనిచేయకపోవడంతో పంచనామాలో చేత్తో రాయాల్సి వచ్చింది. కానిస్టేబుల్ ఒక్కొక్క అక్షరం పైకి చదువుతుంటే మరొకరు రాశారు; నేను తెర మీద వేలు పెట్టి నాలుగేసి అక్షరాల చొప్పున సరిచూశాను. ఆరు అన్నది సున్నాలా పడిందని ఒక వరుస కొట్టివేసి, పక్కన పంచులతో పొట్టి సంతకాలు పెట్టించారు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం తప్పనిసరని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ కేసులో గట్టిగా చెప్పింది. కొత్త భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్‌లో ఆ పత్రం రెండు భాగాలుగా ఉంది: మొదటిది సర్వర్ నిర్వహణ చూసే నేను సంతకం చేసేది, రెండోది నిపుణుడిది, హ్యాష్ విలువను రెండింటిలోనూ రాయాలి. ఆ పత్రం లేకపోతే నా లాగ్‌లు కోర్టులో ఉత్త కాగితాలే. డిస్కు, ఫోను, ల్యాప్‌టాప్, కీలాగర్ అన్నీ రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళ్లాయి. అక్కడ వరుస పెద్దది. నివేదిక వచ్చేసరికి ఆ పిల్లవాడి బ్యాచ్ చదువు ముగించుకుని వెళ్లిపోయింది.

కళాశాల లోపల జరిగింది వేరు. క్రమశిక్షణ కమిటీ అతన్ని ఒక ఏడాది సస్పెండ్ చేసింది. క్యాంపస్ సెలెక్షన్‌లో వచ్చిన ఉద్యోగం పోయింది. 31 మంది హాజరునూ పాత విలువలకు మార్చాం, వారంతా డిటెయిన్ అయ్యారు. వారిలో తొమ్మిది మందికి తమ పేరు మీద ఈ పని జరిగిందన్న సంగతే తెలియదు. స్నేహితులు కట్టారట, లేదా ఒకే సెక్షన్‌లో కొందరిని మారిస్తే అనుమానం రాదని అతనే కలిపాడట. ఎవరు తెలిసి చేయించుకున్నారు, ఎవరు తెలియక అన్నది కమిటీకి అక్కరలేకపోయింది, ఎందుకంటే నిజమైన హాజరు అందరికీ 65 లోపే. అంకెల పరంగా అది సరైన నిర్ణయమే.

తల్లిదండ్రులు పెద్ద సంఖ్యలో వచ్చారు. వారిలో ఒకాయన నలుగురి ముందు అన్న మాటకు ప్రిన్సిపాల్ గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు: "మీరు సిఫారసు మీద పెంచితే అడ్జస్ట్‌మెంటు, పిల్లగాండ్లు పెంచుకుంటే హ్యాకింగా?" ఆయన గాలికి అనలేదు. బైనరీ లాగ్ విప్పినప్పుడు రాత్రి మార్పులతో పాటు పగటి మార్పులు కూడా నాకు కనిపించాయి. అవి అధికారం ఉన్నవారు, అధికారం ఉన్న ఐడీలతో, సెమిస్టర్ చివరి రోజుల్లో చేసినవి. వాటిలో ఎన్నిటికి వైద్య ధ్రువపత్రాలు ఉన్నాయో, ఎన్నిటికి ఫోన్ కాల్స్ మాత్రమే ఉన్నాయో లాగ్ చెప్పదు. చట్టం దృష్టిలో రెండూ ఒకటి కావు. అనుమతి లేకుండా మరొకరి పేరుతో చొరబడడం నేరం, అనుమతి ఉండి అబద్ధం రాయడం కనీసం ఈ సెక్షన్ల కింద నేరం కాదు. అయినా, ఆ కుర్రవాడికి ఈ వ్యాపారం తోచడానికి కారణం కీలాగర్ దొరకడం కాదని, హాజరు మారుతుందని అందరికీ తెలిసి ఉండడమేనని నా అభిప్రాయం. ఇప్పుడు ఏ సవరణకైనా ఇద్దరి ఆమోదం, ఫోనుకు వచ్చే ఓటీపీ, కారణం రాసే గడి ఉండాలని పెట్టించాను. రెండో ఆమోదానికి వచ్చిన వ్యతిరేకత మొత్తం అధ్యాపకుల గదుల నుంచే వచ్చింది.

అతని తండ్రి ఊరినుంచి వచ్చి మా అందరినీ కలిశాడు. నా గది బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చి, "సారూ, పోరగాడు తెల్వక చేసిండు, కేసు వాపస్ తీస్కోండ్రి, మీ కాళ్లు మొక్కుత" అన్నాడు. కుర్చీలో కూర్చోబెట్టడానికే చాలాసేపు పట్టింది. తెలియక చేసింది కాదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. యాజమాన్యానికి రాజీ ఇష్టమే. పత్రికల్లో పేరు వస్తే అడ్మిషన్లు తగ్గుతాయని వారి బాధ. ఐటీ చట్టం 77ఎ సెక్షన్ మూడేళ్లకు మించని శిక్ష ఉన్న నేరాల్లో రాజీకి కోర్టుకు అవకాశమిస్తుంది. నిందితుడి తరఫు న్యాయవాది ఆ దరఖాస్తు వేశారు, కళాశాల అభ్యంతరం లేదని రాసిచ్చింది.

అడ్డం పడింది ఆ సెక్షన్‌లోనే ఉన్న ఒక మినహాయింపు. నేరం 18 ఏళ్లలోపు పిల్లల మీద గానీ, మహిళ మీద గానీ జరిగితే కోర్టు రాజీ చేయకూడదు. సర్వర్ కళాశాలది, కానీ దొంగిలించిన పాస్‌వర్డు ఎవరిది? 66సి కింద బాధితురాలు మ్యాథ్స్ మేడమే అవుతారని ప్రాసిక్యూటర్ అభ్యంతరం లేవనెత్తారు. ఎరగా వేసిన ఐడీ ఎవరిదీ కాదు గనుక దానికి బాధితులు లేరని, పాత లాగిన్‌లకు పోర్టు రికార్డు లేదు గనుక వాటిని తన క్లయింటుతో కలపలేరని అవతలి వాదన. చురుకైన వాదనే. అయితే ఫోరెన్సిక్ నివేదికలో, చెరిపేసినా తిరిగి దొరికిన ఒక ఫైలు ఉంది. అందులో ఆ కీబోర్డు మీద కొట్టిన అక్షరాల మధ్య మేడమ్ పాత పాస్‌వర్డు కూడా ఉంది. దాని మీద ఇంకా వాదనలు నడుస్తున్నాయి.

అప్పటిదాకా మేడమ్‌ను ఎవరూ ఏమీ అడగలేదు. అభ్యంతరం లేవనెత్తాక అందరూ ఆమె దగ్గరికే వెళ్లారు: విద్యార్థి తండ్రి, కరస్పాండెంట్, విభాగాధిపతి. ఆ పిల్లవాడి మీద తనకు కక్ష లేదని, అతను మళ్లీ చదువుకోవాలనే తనకూ ఉందని ఆమె ఆ విద్యార్థి తండ్రితో చెప్పారు. కరస్పాండెంట్‌తో మాత్రం, రాజీ సంగతి తర్వాత చూద్దామని, ముందు తన సర్వీసు రికార్డులో ఉన్న షోకాజ్ మెమోను రద్దు చేసినట్టు లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వాలని, ఆపిన ఇంక్రిమెంటును పాత తేదీ నుంచి కలపాలని అడిగారు. తప్పు మీది కాదని మాకు తెలుసు కదా, కాగితం ఎందుకన్నారట. కాగితం మీద పెట్టింది కాగితం మీదే తీయాలని ఆమె సమాధానం.

ఇంక్రిమెంటు కలిసింది. రద్దు ఉత్తరం ముసాయిదా మూడుసార్లు మారింది. మొదటిదాంట్లో "సాంకేతిక కారణాల వల్ల" అని రాశారు, ఆమె తిప్పి పంపారు. చివరిదాంట్లో, సదరు లాగిన్‌లు మరొక వ్యక్తి చేసినవని సర్వర్ రికార్డుల వల్ల నిర్ధారణ అయినందున మెమో ఉపసంహరించడమైనదని ఉంది. దానికి జతగా బైనరీ లాగ్ నకలు, నా సంతకంతో ఒక వివరణ కావాలన్నారు, ఇచ్చాను. రాజీ దరఖాస్తు మీద ఆమె ఇంకా ఏమీ రాసివ్వలేదు. తదుపరి వాయిదాకు ఆమెకూ, నాకూ సాక్షులుగా సమన్లు వచ్చాయి.